అరువు తెచ్చుకున్న యాస

భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేరిన పిల్లలు అప్పుడప్పుడు పటమటలో మా ఇంటికి వస్తుంటారు. నా పాత విద్యార్థి ఎవరో ఒకరు అడ్రసు చెప్పి పంపుతారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతారు, ఉద్యోగాలు ఎక్కడున్నాయని అడుగుతారు. రెండింటికీ నా దగ్గర పనికొచ్చే జవాబు లేదు. టీ ఇచ్చి, ఈ పనిలో అసలు రోజూ ఏం చెయ్యాలో చెబుతాను. రోజూ వినాలి. విన్నదాన్ని వెంటనే నమ్మకూడదు. వినడం కొంత అభ్యాసంతో వస్తుంది. నమ్మకపోవడం నేర్చుకోవడానికి నాకు ఉద్యోగ జీవితమంతా పట్టింది, అదీ పూర్తిగా రాలేదు.

నేను రీడర్ ఎప్పుడయ్యాను, ప్రొఫెసర్ ఎప్పుడయ్యాను, ఏ కమిటీల్లో కూర్చున్నాను అన్నవి ఇక్కడ రాయడం లేదు. ఆ కమిటీల్లో ఏం తేల్చామో నాకే గుర్తు లేదు. ఇంకో ఏడాదికి రిటైరవుతాననగా నా దగ్గరికి వచ్చిన ఒక గొంతు గురించి రాస్తాను. దానికి ముందు నా చెవి ఎలాంటిదో కొంచెం చెప్పాలి.

'అయినా' అనే మాట

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారి. ఇంట్లో అమ్మతో ఉర్దూ, కొట్లో తెలుగు. నేను తెలుగు మీడియంలో చదివాను, తెలుగు మాండలికాల మీద పీహెచ్‌డీ చేశాను, తెలుగులోనే కవిత్వం రాశాను. ఏ సభకు వెళ్లినా ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి, "మీరు ముస్లింలైనా తెలుగు ఎంత చక్కగా మాట్లాడతారండీ" అనేవారు. మంచి మనసుతోనే అనేవారు. తరగతిలో 'అయినా' గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఉదాహరణ కోసం వెతుక్కునే పని ఉండేది కాదు. అప్పటి నుంచే ఎవరైనా పొగిడితే ముందు ఆ మాటలో 'అయినా' ఎక్కడ దాక్కుందా అని చూసే అలవాటు వచ్చింది.

నాకు గైడ్‌గా ఉన్న హెడ్ గారు గట్టి పండితులు, గట్టి అనుమానపు మనిషి కూడా. పరిశోధన మొదట్లో నన్ను ఉయ్యూరు పంపారు, చెరకు పొలాల్లో పనిచేసే ఆడవాళ్ల మాట రికార్డు చేసుకు రమ్మని. ఒక పెద్దావిడను "ఆకాశంలోంచి నీళ్లు పడితే ఏమంటారమ్మా?" అని అడిగాను. "వర్షం పడిందంటామండీ" అంది పొందిగ్గా. రాసుకున్నాను. కాసేపటికి మబ్బు పట్టింది. ఆవిడ గట్టు మీద నిలబడి కోడలిని కేకేసింది: "వానొచ్చేట్టుందే, దండెం మీద బట్టలు లోపలెయ్యి." ఈ సంగతి హెడ్ గారికి చెబితే నవ్వలేదు. "నువ్వు ఎదురుగా ఉంటే వాళ్లు నీకు నచ్చే తెలుగే మాట్లాడతారు. కోపం వచ్చినప్పుడు, తొందరలో ఉన్నప్పుడు, నిన్ను మరిచిపోయినప్పుడు ఏం మాట్లాడతారో అది విను" అన్నారు. నా వృత్తిలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే.

అదే మనిషి నా మొదటి కవితా సంపుటి చేతిలోకి తీసుకుని, రెండు పేజీలు తిప్పి, "కవిత్వం రాసే చెవి తనకు ఇష్టమైనదే వింటుందమ్మా. మన పనికి ఆ చెవి పనికిరాదు" అన్నారు. ఆయన కూడా వయసులో ఉండగా పద్యాలు రాసి మానేశారని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకునేవారు. అందుకని అసూయ అనుకున్నాను. అటు కవి మిత్రులేమో, "మీ కవితల్లో వ్యాకరణం కనబడుతుందండీ" అనేవారు. నేను ఇద్దరినీ నమ్మకుండా రెండు పనులూ చేసుకుంటూ వచ్చాను.

పరుపుల కొట్టు మస్తాన్

ఒకరోజు మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌కి ఇద్దరు వచ్చారు. ఒకామె నలభై దాటిన మనిషి, పేరు హుసేన్‌బీ. ఆమె వెంట తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన. ఆయనే మాట్లాడారు.

"నా పేరు కోటేశ్వరరావండీ. పామర్రు దాటాక మా ఊరు. వ్యవసాయం. ఈ అమ్మాయి భర్త మస్తాన్ మా సెంటర్లో పరుపుల కొట్టు నడుపుతాడు. వాణ్ని పోలీసులు పట్టుకున్నారండీ, చెయ్యని పనికి."

ఆ ఊరి పేరు రాయను. జరిగింది ఇది. ఆ ఊళ్లో వీరభద్రరావు అనే వ్యాపారి రోడ్డు పక్క పొలం కొని, మెరక పోయించి, ఫంక్షన్ హాలు కడుతున్నాడు. ఆ మెరకలో ఒక పంటబోదె పూడిపోయింది. బోదె అంటే కాలవ నుంచి పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువ. దిగువ పొలాలకు నీళ్లు ఆగిపోయి రైతులు గొడవ పడుతున్నారు. అదే స్థలం ముందు భాగంలో మస్తాన్ కొట్టు ఉంది. కొట్టు ఖాళీ చెయ్యమని వీరభద్రరావు, చెయ్యనని మస్తాన్, రోడ్డు మీద అందరి ముందూ వాదించుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకు వీరభద్రరావు ఫోన్‌కు తెలియని నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. హాలు పని ఆపకపోతే ఇంట్లో ఎవరినీ బతకనివ్వనని. నంబరు ఎప్పుడో చనిపోయిన ఒక కూలీ పేరు మీద ఉంది. ఫోను దొరకలేదు. మెసేజ్‌లో యాస మాత్రం సాయిబుల యాస. అంతే, మస్తాన్‌ను పిలిపించారు. రోజూ పొద్దున్నే రమ్మని స్టేషన్ వరండాలో కూర్చోబెడుతున్నారు, సాయంత్రం పంపిస్తున్నారు. ఒప్పుకోకపోతే కేసు కట్టి కోర్టుకు పంపుతామంటున్నారు. కొట్టు మూతపడింది.

"మీరు గొంతులు విని చెప్తారంట గదా మేడం," అంది హుసేన్‌బీ. "మీరూ మా వాళ్లే. ఒక్క మాట చెప్పండి."

ఆ 'మా వాళ్లే' విని నాకు ఇబ్బందిగా అనిపించింది. రేపు నేనేం చెప్పినా ఎస్సై కూడా సరిగ్గా ఆ మాటే అంటాడు. నేను ఆలోచిస్తుంటే కోటేశ్వరరావు గారు మాట మార్చారు.

"మీ కవిత కిందటి ఆదివారం పేపర్లో చదివానండీ. కాలవలో గుర్రపుడెక్క మీద రాశారే, అది. బాగుంది. కానీ చివరి చరణంలో ఒక మాట ఎక్కువైంది. 'నిశ్శబ్దంగా' అన్నది తీసేస్తే సరిపోయేది."

నేను లోపల ఉలిక్కిపడ్డాను. ఆ మాట తీసెయ్యాలా వద్దా అని నేనూ తర్జనభర్జన పడ్డాను. ఆయన మాటలో 'అయినా' లేదు. పైగా తప్పు పట్టారు. పొగిడేవాళ్లను అనుమానించడం అలవాటైన నేను, తప్పు పట్టిన మనిషిని అక్కడికక్కడే నమ్మేశాను. ఆయన కంఠం కూడా గొప్పగా ఉంది. నెమ్మదిగా మాట్లాడినా గది చివరి దాకా వినబడే కంఠం. "స్టేషన్‌కి వస్తాను" అన్నాను.

ఎస్సై కోరిన సంతకం

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కాఫీ తెప్పించి మెసేజ్ వినిపించాడు.

మొదటి భాగం ఇలా ఉంది: "ఏం సాబ్, నేను ఎవరో నీకీ తెలీదు. ఆ పని ఆపేయ్. నై తో నేను నిన్ను ఒదిలిపెట్టడు. ఖుదా కా కసం, మీ ఇంట్లో నీలు తాగేవాడు మిగలడు." తర్వాత గొంతు పెరిగింది: "ఎవరినడిగి బోదె పూడ్చేశావురా? దిగువన నీళ్లకి జనం అల్లాడిపోతుంటే మెరక పోసి మేడ కడతావా? ఎవరినడిగి చేశావు?" ఆపైన ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "సమఝ్ అయ్యిందా సాబ్?" అని ముగిసింది.

"ఇది ముస్లిం మాట్లాడే తెలుగే కదా మేడమ్? అంతవరకు రాసి సంతకం పెడితే చాలు," అన్నాడు ఎస్సై. "మీరు రాస్తే ఇంకెవరూ వంక పెట్టరు."

నా సంతకం ఎందుకు కావాలో అప్పుడు అర్థమైంది. భాషాశాస్త్రవేత్త సంతకం కాదు, రహమతున్నీసా అనే పేరున్న సంతకం కావాలి.

"ఇది సినిమాల్లో సాయిబు మాట్లాడే తెలుగండీ," అన్నాను. "ఖుదా కీ కసం అనాలి. కా అంటే తప్పు. పైగా మొదట్లో 'నీలు' అన్నవాడు కోపం రాగానే 'నీళ్లు' అని చక్కగా పలికాడు. అది వేసుకున్న యాస."

"వేసుకున్నది మస్తానే కావచ్చు కదా మేడమ్. వాళ్లింట్లో ఉర్దూ లేదట. దూదేకులవాళ్లు, తెలుగే మాట్లాడతారు. అందుకే కా అన్నాడు."

నిజానికి అది తెలివైన మాట. "సరే. కానీ తనను దాచుకోవాలనుకున్న మస్తాన్ సాయిబు వేషం ఎందుకు వేస్తాడండీ? ఇంకేదైనా వేస్తాడు గానీ," అన్నాను.

"అది లాయరు మాట మేడమ్. మీ సబ్జెక్టు చెప్పండి."

నాకు కోపం వచ్చింది, కానీ ఆయన అన్నది సరైనదే. ఇంకా నిజం చెప్పాలంటే, మస్తాన్ నిర్దోషి అయితే బాగుండునని నాకు ముందే ఉంది. అలాంటప్పుడు చెవికి కావలసినదే వినబడుతుంది. అందుకని మస్తాన్‌తో విడిగా మాట్లాడతానన్నాను.

వరండా బల్ల మీద కూర్చున్నాడు మస్తాన్. యాభై ఏళ్ల మనిషి, జుట్టులో ఇంకా దూది పోగులు ఉన్నట్టు నెరుపు. పక్కన ఖాళీ టిఫిన్ క్యారియర్. "కోటేశ్వరరావన్న రోజూ ఇంటి నుంచి అన్నం తెచ్చిస్తాడు మేడం. ఈ ఊళ్లో నాకు ఆయనొక్కడేనండీ," అన్నాడు.

పెళ్లినాటికి కర్నూలు వైపు నుంచి ఈ ఊరు వచ్చాడట. పరుపుల గురించి అడిగాను. పట్టుదూది ఎలా ఏకాలో, ఫోమ్ పరుపులొచ్చాక బేరాలు ఎలా తగ్గాయో చెప్పాడు. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అంటే తలూపాడు. మాట చివర 'అండీ' బాగానే నేర్చుకున్నాడు. తర్వాత కావాలనే వీరభద్రరావు సంగతి ఎత్తాను. నా మాట పూర్తికాకుండానే ముఖం మారిపోయింది.

"యాడికి పోవాల మేడం? బాడుగ ఎగ్గొట్టినానా? ఈ కొట్లోనే నా పిల్లోళ్లు పెరిగినారు. ఇప్పుడొచ్చి ఖాళీ చేయమంటే యాడికి పోవాల? ఎవురినడిగి ఆయప్ప గోడ కట్టినాడు?"

'అండీ' ఎక్కడా లేదు. పెరిగినారు, కట్టినాడు, ఎగ్గొట్టినానా. కోస్తాలో పెరిగారు, కట్టాడు అంటాం. మెసేజ్‌లో గొంతు కోపంలో 'పూడ్చేశావు, చేశావు' అంది. యాస కప్పుకున్న మనిషికి కోపం వస్తే కింద ఉన్న యాస బయటపడుతుంది. ఆ గొంతుకు కోపం వస్తే కృష్ణా జిల్లా బయటపడింది. ఈయనకు కోపం వస్తే కర్నూలు బయటపడుతోంది.

అయినా నా చెవిని నేను నమ్మలేదు. రెండు రికార్డింగుల్లోంచి పేర్లు లేకుండా ముక్కలు కత్తిరించి అనంతపురం వైపు పనిచేసే పాత సహోద్యోగికి పంపాను. ఎవరివి, ఎందుకు అన్నది చెప్పలేదు. మర్నాడు ఫోన్ చేసింది. "మొదటిది మొదట్లో నాటకం, మధ్యలో మీ వైపు రైతు. రెండోది మా వైపు మనిషి. మీ దగ్గర ఏం చేస్తున్నాడాయన?"

నా అనుమానం

మాండలికం తేలింది. మరి ఆ గొంతు ఎవరిదని నాలో ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది.

వీరభద్రరావును కూడా వినాలని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన మాట్లాడింది తక్కువ. పక్కన కూర్చున్న బావమరిది చంటి ఆయన మాటలన్నీ పూర్తిచేస్తూ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, హుషారు మనిషి. పెళ్లిళ్లలో మిమిక్రీ చేస్తాడట.

"మా వాడు ఎవరి గొంతైనా దించేస్తాడండీ," అన్నాడు వీరభద్రరావు మురిపెంగా.

చంటి నా ముందే ఆ మెసేజ్‌ను ఒకసారి అనుకరించి నవ్వాడు. అచ్చం అలాగే. 'పూడ్చేశావురా' దగ్గర ఆ విరుపుతో సహా. హాలు కట్టేది బావ, కొట్టు ఖాళీ అయితే లాభం వాళ్లకే. బెదిరింపు తామే పంపుకుని మస్తాన్ మీద తోసేస్తే కొట్టు తేలిగ్గా ఖాళీ అవుతుంది. అంతా అమిరిపోయింది. తిరుగు బస్సులో పామర్రు దాకా ఆలోచించాను. వీడే. ఇంకెవరూ కాదు.

నివేదికలో మూడు సంగతులే రాశాను. ఆ యాస అనుకరణ. అనుకరించిన మనిషి సొంత మాట కృష్ణా డెల్టా తెలుగు. మస్తాన్ సొంత మాట అది కాదు, కోపంలో కూడా ఆయన మాట అటు మారలేదు. నాలుగోది రాయలేదు.

ఎస్సై చదివి, "అయితే ఎవరో చెప్పండి మేడమ్" అన్నాడు.

"అది నేను చెప్పలేనండీ."

"చంటి మీద డౌటా? వాళ్లింటికి వెళ్లారని తెలిసింది."

నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క 'ఊఁ' అంటే చాలు, రేపు ఆ బల్ల మీద చంటి కూర్చుంటాడు. కానీ నా దగ్గరున్నదేమిటి? ఒక మిమిక్రీ కుర్రాడు అందరికీ తెలిసిన మెసేజ్‌ను మిమిక్రీ చేశాడు. వాడంటే నాకు చిరాకు కలిగింది. 'సాయిబు యాస, కాబట్టి సాయిబే' అన్న మాటకూ, 'మిమిక్రీ చేస్తాడు, కాబట్టి వాడే' అన్న మాటకూ తేడా ఎంత?

"డౌట్లు ఉంటే అవి నా సొంతమండీ. కాగితం మీద ఉన్నదే నేను కోర్టులోనైనా చెప్పగలను," అన్నాను.

ఆయనకు నచ్చలేదు. మస్తాన్‌ను రేపటి నుంచి రావద్దని చెబుతామన్నాడు కానీ చెప్పలేదు. ఆ వారమంతా పిలుస్తూనే ఉన్నారు.

పటమటలో ఒక మధ్యాహ్నం

ఆదివారం నాడు కోటేశ్వరరావు గారు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. ఒక సంచీ నిండా బంగినపల్లి మామిడిపళ్లు తెచ్చారు. కూర్చున్నారు, లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు.

"మేడమ్ గారూ, ఆ మెసేజ్ మాట్లాడింది మా వైపు రైతేనని రాశారటగా."

"డెల్టా మనిషని రాశానండీ."

"మనిషి ఎవరో మీకు తెలిసిపోయి ఉంటుంది."

నా మనసులో చంటి ముఖం ఉంది. ఆయన దగ్గర దాచడం ఎందుకనిపించింది. "తెలిసినట్టే ఉందండీ. కానీ నేను చెప్పను. చేసినవాడే వచ్చి చెబితే మర్యాదగా ఉంటుంది," అన్నాను.

ఆయన తన అరచేతులకేసి చూసుకున్నారు.

"నేనే అని ఎప్పుడు తెలిసిందండీ మీకు? మొదటి రోజేనా?"

తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన దాన్ని అవునని తీసుకున్నారు.

"కుర్రతనంలో నాటకాలాడేవాణ్నండీ. ఊరూరా. అందులో ఒక సాయిబు వేషం ఉండేది, హాస్యానికి. ఆ గొంతు పెడితే జనం పడీ పడీ నవ్వేవాళ్లు. పొలానికి నీళ్లు లేవు, నారుమడి ఎండిపోయింది. వీరభద్రం మా బంధువే. ఎదురుగా నిలబడి అడిగితే వినలేదు. చనిపోయిన మా పాత పాలేరు ఫోను ఇంట్లో పడుంది. నా గొంతయితే గుర్తుపడతాడని ఆ గొంతు పెట్టా. మస్తాన్ మీదికి వెళ్తుందని అనుకోలేదండీ."

"సాయిబు గొంతు పెడితే సాయిబు మీదికి కాక ఇంకెవరి మీదికి వెళ్తుందండీ?"

ఆయన మామిడిపళ్ల సంచీ పక్కకు జరిపారు. "నాలుగు రోజులు కూర్చోబెట్టి వదిలేస్తారనుకున్నా. వదల్లేదు. అందుకే మీ దగ్గరికి తీసుకొచ్చా. అందుకే రోజూ అన్నం పట్టుకెళ్తున్నా" అన్నారు.

నాకు ఆయన మీద అసహ్యం కలగలేదు. అది నాకే వింతగా అనిపించింది. ఎదురుగా ఉన్నది నా కవితలో ఎక్కువైన మాటను సరిగ్గా పట్టుకున్న మనిషి. ఇన్ని రోజులూ ఆ గొప్ప కంఠాన్ని ఇష్టంగా విన్నాను, పని కోసం ఒక్కసారీ వినలేదు. ఊరందరినీ అనుమానించాను. ఈయనను తప్ప.

"రేపు నేనూ వస్తాను," అన్నాను. "ఎస్సైతో తర్వాత. ముందు మస్తాన్‌తో చెప్పండి."

అదే మెసేజ్

మర్నాడు వరండాలో మస్తాన్ అదే బల్ల మీద ఉన్నాడు. పక్కన హుసేన్‌బీ. కోటేశ్వరరావు గారు నిలబడే చెప్పారు. రెండు వాక్యాల్లో చెప్పారు.

మస్తాన్ ఆయన వంక చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "రోజూ నీ చేత్తోనే అన్నం తెచ్చి పెట్టినావు గదన్నా. నేను తింటా ఉంటే ఈడనే కూచొని చూసినావు గదా" అన్నాడు.

హుసేన్‌బీ ఖాళీ క్యారియర్ తీసుకుని ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

లోపల ఎస్సై విన్నాడు. విని లేచి కోటేశ్వరరావు గారికి కుర్చీ చూపించాడు. మస్తాన్‌కు ఇన్ని రోజుల్లో ఆ గదిలో ఎవరూ కుర్చీ చూపించలేదు. కాఫీ వచ్చింది. వీరభద్రరావుకు ఫోను వెళ్లింది. ఆయన కారులో వచ్చి, కోటేశ్వరరావు గారిని చూసి, కాసేపు అరిచి, తర్వాత, "మనలో మనకి ఈ కేసులేంటి బావా, అడిగితే తూము వేయించేవాణ్ని కదా" అన్నాడు. సాయంత్రానికి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. బోదె మీద తూము వేస్తానన్నాడు. వేశాడు కూడా.

అందరూ వెళ్లాక నేను ఎస్సైని అడిగాను. "మస్తాన్ ఉన్నప్పుడు మీ కాగితాల్లో 'ప్రాణాలు తీస్తానని బెదిరించాడు' అని ఉంది. ఇప్పుడేమని రాస్తారు?"

"పెద్దాయన కదా మేడమ్. నీళ్ల బాధలో, ఆవేశంలో ఏదో అన్నారు."

"మెసేజ్ అదే కదండీ. ఒక్క అక్షరం మారలేదు."

"మారలేదు మేడమ్. కానీ ఎవరో ఇప్పుడు తెలిసింది కదా."

దురుసుగా అనలేదు. తనేమన్నాడో ఆయనకు వినబడలేదంతే. నేను దశాబ్దాల పాటు ఒక మాటకు అర్థం మాటలోనే ఎంత ఉంటుంది, సందర్భంలో ఎంత ఉంటుంది అని పాఠాలు చెప్పాను. ఆ ఒక్క వాక్యమంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. పిల్లలూ, ఈ రంగంలోకి వస్తే మిమ్మల్ని మాట్లాడినవాడి మాటే పరీక్షించమంటారు. దాన్ని విన్నవాడి మాట పరీక్షించమని మిమ్మల్ని ఎవరూ పిలవరు. అది మీ అంతట మీరే చెయ్యాలి. చేస్తే కాఫీ ఇవ్వరు.

చంటి సంగతి కూడా చెప్పాలి. వాడి పేరు నేను ఎక్కడా అననందుకు ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటాను. ఒక పెళ్లిలో కనబడి, నేనెవరో గుర్తుపట్టి, నమస్కారం పెట్టి, నా గొంతు దించి వినిపించాడు. బాగానే దించాడు.

ఉయ్యూరు కొట్టు

మస్తాన్ ఆ కొట్టు తనే ఖాళీ చేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఉయ్యూరులో బస్టాండు దగ్గర చిన్న గది తీసుకున్నాడు. కోటేశ్వరరావు గారు రెండు మూడుసార్లు వెళ్లారట. మస్తాన్ కూర్చోమంటాడట, టీ తెప్పిస్తాడట, ఏమీ మాట్లాడడట. ఆయన వెళ్లడం మానేశారు.

రిటైరయ్యాక నేను ఉయ్యూరు వెళ్లాను. కోస్తాలో ఇన్నేళ్లు బతికినా కర్నూలు క్రియలు కదలకుండా నిలబెట్టుకున్న మనిషి మాట మీద ఒక వ్యాసం రాయాలని చాలా రోజులుగా ఉంది. వృత్తి వదిలినా ఆ యావ వదలలేదు. మస్తాన్ దూది సంచులు సర్దుతున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. హుసేన్‌బీ లోపల నుంచి మంచినీళ్లు తెచ్చింది. కాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఫోను బయటికి తీసి, "మస్తాన్, నీ మాటలు కొంచెం రికార్డు చేసుకోనా? నా పరిశోధనకి" అన్నాను.



"వద్దు మేడం," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "మీరు నా గొంతు విని నన్ను బయట పడేసినారు. ఆ ఉపకారం మర్చిపోను. కానీ నా గొంతు ఇంగ ఏ ఫోన్లోనూ వద్దు. మీ ఫోన్లో కూడా వద్దు."

మనసులో చిన్న నొప్పి కలిగింది. నన్ను కూడానా అనిపించింది. అనిపించిన వెంటనే, అతను నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి అని కూడా అనిపించింది. పేర్లు తీసేస్తానని, విశ్వవిద్యాలయం వాళ్లు తప్ప ఎవరూ వినరని చెప్పబోయాను. ఆ మాటలు ఎన్ని ఊళ్లలో ఎంతమందికి చెప్పానో గుర్తొచ్చి మానేశాను.

ఫోను సంచీలో పెట్టాను. "పోనీ, పరుపు చూపించు. నడుం నొప్పిగా ఉంటోంది," అన్నాను.

అతను రెండు రకాల దూది నా అరచేతిలో పెట్టి తేడా చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో నవ్వాడు, ఒక సామెత చెప్పాడు, హుసేన్‌బీ అందుకుని ఇంకో సామెత చెప్పింది. రెండూ నేను ఎక్కడా వినని సామెతలు. రాసుకోలేదు. ఇక్కడ కూడా రాయను.